చాటున ఆరేసిన మాటలు

ఎం.ఏ. ఇంగ్లీషు మొదటి సంవత్సరం క్లాసు. జె.ఎం. సింగ్ నాటకం ‘ది ప్లేబాయ్ ఆఫ్ ది వెస్టర్న్ వరల్డ్’ చెబుతున్నాను. నా పీహెచ్‌డీ పూర్తయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. క్లాసులో ముప్ఫై మందికి పైగా పిల్లలు, సగానికి ఎక్కువ అమ్మాయిలే. చాలామంది తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళు. 1907లో ఈ నాటకాన్ని డబ్లిన్‌లో మొదటిసారి ఆడినప్పుడు ‘షిఫ్ట్’ అనే ఒక్క మాట దగ్గర హాలు హాలంతా గగ్గోలెత్తిపోయిందని చెప్పాను. “షిఫ్ట్ అంటే డ్యూటీ షిఫ్టా మేడమ్?” అని ఒకబ్బాయి అడిగాడు. “కాదు, స్త్రీలు ధరించే ఒక లోదుస్తు” అన్నాను. ఆ వాక్యం నిఘంటువులోంచి ఊడిపడినట్టు నాకే వినిపించింది. ఎవరి ముఖంలోనూ అర్థమైన జాడ లేదు. అప్పుడు వెనక బెంచీలో ఒకమ్మాయి, పొడుపుకథ విప్పినంత సంతోషంగా, “షిమ్మీ మేడమ్!” అంది.

క్లాసంతా ఘొల్లున నవ్వింది. నా చెవులు వేడెక్కాయి. “క్లాసులో కొంచెం మర్యాదగా మాట్లాడాలమ్మా” అన్నాను. ఆ అమ్మాయి తల దించుకుని కూర్చుంది. ఆ సెమిస్టరంతా నా క్లాసులో మళ్ళీ నోరు విప్పలేదు.

ఆమె చెప్పింది తప్పు కాదు. నేను చెప్పినదానికంటే ఎంతో నయమైన జవాబు. షిఫ్ట్‌కి షిమ్మీకి ఉన్న చుట్టరికం సంగతి ఆ రోజు ఆమెకి తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. తరవాత వెతుక్కుంటే తెలిసింది. స్త్రీల శరీరం గురించీ, భాషలో అధికారం గురించీ వందల పేజీల సిద్ధాంత గ్రంథం రాసినదాన్ని, నా చిన్నప్పుడు రోజూ వేసుకున్న బట్ట పేరు నలుగురిలో వినపడేసరికి ముడుచుకుపోయాను. ఆ ముడుచుకుపోవడాన్ని ఒక ఆడపిల్ల నోరు మూయించి కప్పిపుచ్చుకున్నాను. ఒక బట్టకి ఏ పేరు మర్యాద, ఏ పేరు మోటు అని తేల్చేదెవరు? తేల్చాక ఆ మోటు పేరుని మోయాల్సింది ఎవరు? ఈ వ్యాసం ఆ అమ్మాయికి నేను బాకీ పడ్డ జవాబు.

ముందు ఇంగ్లీషు సంగతి. ఆ భాషలో బట్టల మాటలకి మెట్లున్నాయి. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక చాలా తరాల పాటు కోటల్లో, కోర్టుల్లో ఫ్రెంచి నడిచింది. పొలాల్లో, వంటిళ్ళలో ఇంగ్లీషు మిగిలింది. ‘క్లోత్స్’ పాత ఇంగ్లీషు మాట. ‘గార్మెంట్’, ‘అపారెల్’, ‘అటైర్’ ఫ్రెంచి నుంచి దిగినవి. ఇప్పటికీ ఇంట్లో ఉతికి ఆరేసేవి క్లోత్స్, ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు కుట్టేవి గార్మెంట్స్, వ్యాపారం లెక్కల్లో అపారెల్, విందు పిలుపులో అటైర్. అన్నిటికంటే కింది మెట్టు మీద ‘డడ్స్’, ‘టాగ్స్’ లాంటివి కూర్చుంటాయి. ‘డడ్’ అంటే మధ్యయుగాల్లో ముతక గుడ్డతో చేసిన పై కప్పు. ‘టాగ్స్’ అన్నది దొంగల, దేశదిమ్మరుల రహస్య భాషలోంచి వచ్చిన మాట.

ఈ మెట్లు మనకి కొత్తేమీ కాదు. గుడ్డలు, బట్టలు, దుస్తులు, వస్త్రాలు. పల్లెలో “గుడ్డలు ఉతుక్కొస్తా” అంటే అందులో చిన్నతనమేమీ లేదు. అదే మాట పట్నంలో డ్రాయింగ్ రూములో అంటే చిన్నతనం. దేవుడికైతే వస్త్రాలు సమర్పించాల్సిందే. ఉతికేవాళ్ళకి గుడ్డలు, కట్టేవాళ్ళకి బట్టలు, సమర్పించేవాళ్ళకి వస్త్రాలు. ఇంతవరకూ ఇది కులం, వర్గం కట్టిన మెట్ల కథ. బట్ట స్త్రీ ఒంటికి తగిలేది అయినప్పుడు ఆ మెట్ల మీద ఇంకొకటి కూడా నడుస్తుంది. దాని పేరు సిగ్గు. అది ఎలా నడిచిందో చూడ్డానికి ఇంగ్లీషులో ఒకే బట్టకి వరసగా పెట్టిన మూడు పేర్లు చాలు: స్మాక్, షిఫ్ట్, షెమీజ్.

ఆ బట్ట చాలా మామూలుది. నార బట్టతో, అంటే లినెన్‌తో, వదులుగా కుట్టిన పొడుగు చొక్కా. రాణి దగ్గర్నించి పాలు పితికే మనిషి దాకా ప్రతి ఆడమనిషీ దాన్నే ఒంటిమీద మొదట తొడుక్కునేది. పైన వేసుకునే ఉన్ని, పట్టు బట్టలు తరచూ ఉతకడానికి పనికిరావు. చెమటా, మురికీ పీల్చుకునేదీ, మాటిమాటికీ ఉతుకుడు పడేదీ ఈ లోపలి చొక్కాయే. చాలామందికి రాత్రి పడుకునే బట్టా అదే. అసలు ‘లింజరీ’ అనే ఖరీదైన ఫ్రెంచి మాటలోనూ ఉన్నది ఈ నారే. మన జాకెట్టుకి వేయించే ‘లైనింగ్’లో ఉన్నదీ అదే. లినెన్, లింజరీ, లైనింగ్ మూడూ అవిసెనారకి పుట్టిన పిల్లలు.

పాత ఇంగ్లీషులో దాని పేరు స్మాక్. ఆ పేరులో అప్పటికి ఏ తప్పూ లేదు. 14వ శతాబ్దం చివర చాసర్ రాసిన ‘కాంటర్బరీ కథల్లో’ మిల్లరు చెప్పే కథలో అలిసన్ అనే పడుచుని వర్ణిస్తూ కవి ఆమె స్మాక్ మీది నల్ల పట్టు కుట్టుపని గురించి కూడా చెబుతాడు. అదే గ్రంథంలో గ్రిసెల్డా కథ ఉంది. భర్త పెట్టే పరీక్షలన్నీ నోరెత్తకుండా భరించే ఇల్లాలు. చివరికి అతను ఆమెని పుట్టింటికి పొమ్మన్నప్పుడు, అత్తింటివారిచ్చిన నగలూ, బట్టలూ అన్నీ అక్కడే విప్పి ఇచ్చేసి ఒక్క స్మాక్ మాత్రం అడుగుతుంది. తన కన్యత్వాన్ని తిరిగి తీసుకుపోలేదు కాబట్టి దానికి బదులుగా ఆ ఒక్క గుడ్డ ఇమ్మంటుంది. గ్రిసెల్డా ఓర్పు గురించి ఎంతమంది ఎన్ని వ్యాసాలు రాశారో! ఆ బేరం గురించి నాకు మాత్రం వేరే ఆలోచన వస్తుంది. ఒక ఆడమనిషి తనది అని చెప్పుకోగలిగిన ఆఖరి ఆస్తి పేరు అక్కడ స్మాక్.

ఇది కథల్లో మాటే కాదు. 17, 18 శతాబ్దాల్లో ఇంగ్లండులోనూ, అమెరికాలోని ఇంగ్లీషు వలసల్లోనూ ‘స్మాక్ పెళ్ళిళ్ళు’ జరిగాయి. ఆనాటి చట్టంలో పెళ్ళితో భార్య ఆస్తీ, అప్పులూ కూడా భర్తవే అయిపోతాయి. భర్త చనిపోయి అప్పుల్లో ఉన్న స్త్రీని మళ్ళీ పెళ్ళి చేసుకునేవాడు ఆ అప్పులు తన నెత్తిన పడకూడదనుకుంటే, ఆమె తన వెంట ఏమీ తేలేదని నలుగురికీ కనపడాలి. అందుకని పెళ్ళికూతురు ఒంటిమీద ఒక్క స్మాక్‌తో వచ్చి నిలబడేది. అలా చేస్తే అప్పులాళ్ళు అడగలేరని నమ్మకం. అదే కాలంలో పల్లె సంతల్లో ‘స్మాక్ పందాలు’ కూడా ఉండేవి. ఆడవాళ్ళు పరుగు పందెం వేసుకునేవారు. గెలిచినవారికి కొత్త స్మాక్ బహుమతి. ఆ బహుమతిని అందరికీ కనపడేలా ఎత్తున వేలాడదీసేవారు. అప్పుల కింద పోయేదీ అదే, పరుగెత్తి గెలుచుకునేదీ అదే. దాని పేరు పైకి చెప్పడానికి ఆ ఆడవాళ్ళకి సిగ్గు వేసినట్టు కనపడదు.

మరి సిగ్గు ఎక్కడ మొదలైంది? 16వ శతాబ్దం చివరికి ఈ బట్టకి ‘షిఫ్ట్’ అనే ఇంకో పేరు వాడుకలోకొచ్చింది. షిఫ్ట్ అంటే మార్చడం. విడిచి మార్చుకునే బట్ట కాబట్టి షిఫ్ట్. చూడండి, ఆ మాటలో బట్టా లేదు, ఒళ్ళూ లేదు. మార్చుకోవడం అనే పని మాత్రమే ఉంది. చాటుమాటలన్నీ ఇలాగే పుడతాయి. వస్తువు పేరు చెప్పకుండా పక్కనున్న దేన్నో చూపిస్తాయి. బహిష్టుకి మనం ‘బయట ఉండటం’ అనలేదూ? రానురాను షిఫ్ట్ మర్యాదస్తుల మాట అయింది, స్మాక్ మోటుదైంది. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వచ్చేసరికి స్మాక్ అంటే ఏమిటో చెప్పడానికి షిఫ్ట్ అనే మాట కావాల్సివచ్చింది. స్మాక్‌ని ముందు తగిలించి ఆడవాళ్ళకి సంబంధించినదాన్ని దేన్నైనా వెటకారం చేసే వాడుక ఉందని కూడా ఆయన నమోదు చేశాడు. ఆడవాళ్ళ ఒంటిమీది బట్ట ఆడవాళ్ళని ఎగతాళి చేసే మాటగా మారింది. ఆ తరవాత మర్యాద కలిగిన స్త్రీ ఆ మాట వాడకుండా ఉండటంలో వింతేముంది?

కొన్నాళ్ళకి షిఫ్ట్ కూడా మాసింది. చాటుమాట బతుకు అంతే. నలుగురూ వాడగా వాడగా అది చాటు చేయాల్సిన వస్తువుకి అసలు పేరైపోతుంది. అప్పుడు ఇంకో చాటు కావాలి. 18వ శతాబ్దం చివర్నించి 19వ శతాబ్దంలోకి వచ్చేటప్పటికి షిఫ్ట్ స్థానంలో ఫ్రెంచి ‘షెమీజ్’ కూర్చుంది. ఫ్రాన్సులో మాత్రం ఆ మాట అంత మర్యాదగా ఏమీ లేదు. 1783లో ఎలిజబెత్ విజే లెబ్రూన్ అనే చిత్రకారిణి రాణి మారీ ఆంట్వానెట్‌ని తెల్లని పల్చటి మస్లిన్ గౌనులో చిత్రించింది. లోబట్టలతో ఉన్న రాణిని ప్రదర్శనకి పెడతారా అని గోల చేసి ఆ పటాన్ని తీయించేశారు. ఆ గౌనుకి ‘రాణిగారి షెమీజ్’ అనే పేరు మాత్రం నిలిచిపోయింది. ఆ దేశంలో గోల రేపిన మాటే సముద్రం దాటేసరికి ఇంకో దేశంలో గోల రేగకుండా కాపాడే మాట అయింది. పరాయి భాషలో ఉన్న సౌకర్యం అదే. ఆ భాషలో మనకి చిన్నప్పటి జ్ఞాపకాలుండవు, అమ్మ కేకలుండవు. అందుకే సిగ్గు కూడా తక్కువ.

మూడు పేర్లు మారినా బట్ట మారలేదు. అదే లినెన్ లేదా నూలు, అదే వదులు కుట్టు. మారింది ఏ పేరు ఎవరి నోట్లో మిగిలిందన్నది. పై మెట్టువాళ్ళు కొత్త పేరుతో ముందుకి పోయినప్పుడల్లా పాత పేరు కూలిపని చేసుకునే ఆడవాళ్ళ దగ్గర ఉండిపోయింది. వాళ్ళు అంతకుముందు మాట్లాడినట్టే మాట్లాడుతున్నారు. కానీ ఇప్పుడు అదే మాట మోటుది, సిగ్గులేనిది అయింది. వాళ్ళేమీ చెయ్యకుండానే వాళ్ళు అమర్యాదస్తులైపోయారు. మర్యాదని ఇలా తయారుచేస్తారు. ఒకరు మెట్టు ఎక్కితేనే ఇంకొకరు కింద ఉన్నట్టు తెలుస్తుంది.

ఆ 19వ శతాబ్దంలోనే స్త్రీలు తమ బట్టకి తామే పేరు పెట్టుకోవాలని చూసిన సందర్భమూ ఉంది. 1851లో అమెరికాలో ఎలిజబెత్ స్మిత్ మిల్లర్ మోకాళ్ళ కిందికి వచ్చే కురచ గౌను, దాని కింద వదులు పైజామా వేసుకుంది. సెనెకా ఫాల్స్‌లో ‘ది లిలీ’ అనే స్త్రీల పత్రిక నడిపే అమీలియా బ్లూమర్ తనూ వేసుకుని దాని గురించి రాసింది. ఇది నేను కనిపెట్టింది కాదని ఆమె చెబుతున్నా వినకుండా మగవాళ్ళ పత్రికలు దానికి ‘బ్లూమర్’ అని ఆమె పేరే తగిలించి బొమ్మలేసి నవ్వాయి. 1881లో లండన్‌లో స్త్రీలు పెట్టుకున్న సంఘం ఇలాంటి బట్టని ‘రేషనల్ డ్రెస్’, అంటే హేతుబద్ధమైన దుస్తులు, అంది. గంభీరమైన ఆ పేరు సంఘం కాగితాల్లో ఉండిపోయింది. వెటకారం పేరు వీధిలో నిలిచింది. చివరికి బ్లూమర్స్ అంటే ఆడపిల్లల లోబట్టలకి పేరైంది. ఒక సంపాదకురాలి ఇంటిపేరు అలా లంగా కిందికి చేరింది. అంటే మర్యాద పేరు పెట్టడం ఒక్కటే కాదు, వెటకారం పేరు పెట్టడం కూడా అధికారమే.

ఇక డబ్లిన్. ఆ ఊళ్ళో 1662లోనే ఒక నాటకశాల తెరిచారు. అది ఉన్న సందు పేరు స్మాక్ ఆలీ. ఆ సందు పేరుతోనే ఆ హాలుని పిలిచేవారు. పెద్దమనుషులు, వాళ్ళ భార్యలు స్మాక్ ఆలీకి నాటకానికి వెళ్ళొస్తున్నామని చెప్పుకునేవారు. రెండున్నర శతాబ్దాలు గడిచాక అదే ఊళ్ళో, 1907 జనవరి 26 శనివారం రాత్రి ఆబీ థియేటర్‌లో సింగ్ నాటకం మొదటి ప్రదర్శన. థియేటర్‌ని నడుపుతున్నవాళ్ళు కవి యేట్స్, రచయిత్రి లేడీ గ్రెగరీ, సింగ్. కథ ఐర్లండు పశ్చిమ తీరంలో, మేయో ప్రాంతపు పల్లెలో జరుగుతుంది. తండ్రిని చంపి వచ్చానని చెప్పుకునే క్రిస్టీ అనే కుర్రాణ్ణి ఊరు వీరుణ్ణి చేస్తుంది. పెగీన్ అనే పిల్లని అతను ప్రేమిస్తాడు. రెండో అంకంలో ఒక విధవ ఎండలో కూచుని షిఫ్ట్ కుట్టుకోవడం గురించి మాట్లాడుతుంది. మూడో అంకంలో క్రిస్టీ, షిఫ్టులతో నిలబడ్డ ఆడవాళ్ళ గుంపుని ఎదురుగా తెచ్చి పెట్టినా నాకు పెగీనే కావాలి అనే అర్థం వచ్చే మాట అంటాడు. ఆ రాత్రి నటుడు ఆడవాళ్ళు అనే చోట ‘మేయో అమ్మాయిలు’ అన్నాడని చెబుతారు. హాలు గొల్లుమంది. యేట్స్ ఆ రోజు స్కాట్లండులో ఉన్నాడు. నాటకం బాగా నడుస్తోందని లేడీ గ్రెగరీ ముందు ఒక టెలిగ్రాం ఇచ్చింది. తరవాత ఇంకో టెలిగ్రాం ఇవ్వాల్సివచ్చింది. షిఫ్ట్ అనే మాట దగ్గర ప్రేక్షకులు చెదిరిపోయారన్నది దాని సారాంశం. సోమవారం నుంచి హాల్లోకి పోలీసులొచ్చారు. వారమంతా అరుపులూ, ఈలల మధ్యే నాటకం ఆడారు. ఫిబ్రవరి 4న అదే హాల్లో బహిరంగ చర్చ పెట్టారు.

ఆ వారంలో ‘ఫ్రీమన్స్ జర్నల్’ పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. సంతకం ‘ఒక పశ్చిమ ప్రాంతపు అమ్మాయి’. విధవ పాత్ర వేసిన సారా ఆల్‌గుడ్ అంత మంచి నటి, నగరంలోని గొప్పవాళ్ళ ముందు, తనలో తను కూడా అనుకోలేని మాట పలకాల్సివచ్చిందే అని ఆ ఉత్తరం బాధపడింది. ఆ మాటేమిటో ఉత్తరంలో లేదు. దాని బదులు, స్త్రీల ‘అటైర్’లో తప్పనిసరి అయిన ఒక భాగాన్ని సూచించే పదం అని ఉంది. మొదటిసారి అది చదివినప్పుడు నవ్వుకున్నాను. షిఫ్ట్ అనలేక వెయ్యేళ్ళ కిందటి నార్మన్ల మెట్టు ఎక్కి అటైర్ అనాల్సివచ్చిందే అని. ఆ తరవాత నా క్లాసు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. “స్త్రీలు ధరించే ఒక లోదుస్తు” అన్నాను నేను. ఆ ఉత్తరం నేనే రాసినట్టుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. ఆ ప్రేక్షకులని తెలివితక్కువ చాందసులుగా తీసిపారెయ్యడం సులువు. యేట్స్ వైపు నిలబడి కథ చెప్పేవాళ్ళు చాలావరకూ అదే చేశారు. కానీ ఐర్లండు అప్పటికి ఇంగ్లండు ఏలుబడిలో ఉంది. ఇంగ్లీషు రంగస్థలం మీద ఐరిష్ మనిషంటే తాగుబోతు, కొట్లాటలమారి, మొరటువాడు. ఆ బొమ్మతో విసిగిపోయిన జాతి తన స్త్రీల పవిత్రతని ఎదురు జవాబుగా చూపించుకుంది. మా ఆడవాళ్ళు ఇలాంటివాళ్ళు కారు, మా ఆడవాళ్ళని లోబట్టలతో ఊహించకండి అంది. వలస పాలన కింద బతికిన జాతులు ఈ జవాబు చెప్పుకోవడం మనకి బాగా తెలిసిన సంగతే. అవమానం అందరిదీ. దానికి విరుగుడుగా శుభ్రంగా ఉండాల్సిన పూచీ మాత్రం ఆడవాళ్ళది, వాళ్ళ మాటలది.

గొడవ గురించి అడిగినప్పుడు సింగ్ ఒక మంచి మాట చెప్పాడు. ఆ పదం పశ్చిమ పల్లెల్లో రోజువారీ వాడుకలో ఉన్నదే. డగ్లస్ హైడ్ సేకరించిన కొనాట్ ప్రేమ గీతాల్లో ఐరిష్ భాషలో అదే వస్తువు పేరు వస్తే ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఐరిష్‌లో అచ్చువేయగలిగింది ఇంగ్లీషులో వేయకూడదేమో అని చురక వేశాడు. ఐరిష్‌లో ఆ బట్ట పేరు ‘లేనె’. అమ్మభాషలో అది ఒట్టి బట్ట. ఏలినవారి భాషలో మాత్రం అది సిగ్గు. ఆ సిగ్గుని ఐరిష్ మధ్యతరగతి ఇంగ్లీషుతో పాటే నేర్చుకుంది. ఇంగ్లీషువాళ్ళ దగ్గర మంచి మార్కులు తెచ్చుకోవాలంటే ఇంగ్లీషువాళ్ళ కంటే ఎక్కువ సిగ్గుపడాలి మరి.

అయితే సింగ్ కూడా ఆ పల్లెలవాడు కాదు. 1898 నుంచి ఆరన్ ద్వీపాలకి వెళ్ళి, ఉండి, విని, రాసుకున్న చదువుకున్న మనిషి. హాల్లో అరిచింది నగరవాసులు, జవాబు చెప్పింది కవులు, కాపలా కాసింది పోలీసులు. షిఫ్ట్ కుట్టుకునే, ఉతుక్కునే, ఆ పేరుతోనే పిలుచుకునే మేయో ఆడమనిషి ఆ రాద్ధాంతంలో ఎక్కడా మాట్లాడినట్టు కనపడదు. ఆమె తరఫున మాట్లాడింది ఒక మారుపేరు. ఆ పేరు వెనక ఉన్నది నిజంగా పశ్చిమ ప్రాంతపు అమ్మాయే అయినా, పత్రికలో అచ్చుకెక్కడానికి ఆమె తన మాట వదిలేసి ‘అటైర్’ అనాల్సివచ్చింది.

ఇప్పుడు షిమ్మీ దగ్గరికి రావచ్చు. షెమీజ్ అనే ఫ్రెంచి మాట ఇంగ్లీషు మామూలు జనం నోట్లో పడినప్పుడు చివరనున్న ‘జ్’ శబ్దం బహువచనంలా వినిపించింది. రెండైతే షెమీజ్, ఒకటైతే షిమ్మీ అనుకున్నారు. అలా పుట్టిన మాట షిమ్మీ. స్మాక్ కంటే, షిఫ్ట్ కంటే పైమెట్టు మీద కూర్చోబెట్టిన మాట వంటింట్లోకి రాగానే ఇలా కాళ్ళు చాపుకుంది. ఆ మాటే దొరల పాలనలో మన దేశానికొచ్చి, తెలుగిళ్ళలో ఆడపిల్లల గౌను కింది తెల్ల నూలు చొక్కా అయింది. హైదరాబాదు వైపు కొందరు షమీజ్ అంటారు. ఇంకో విచిత్రం, దీనికి మనింట్లోనే ఒక అక్క ఉంది. సల్వార్ కమీజ్‌లోని కమీజ్. లాటిన్‌లోని ‘కమీసియా’ అనే మాట ఒక దారిన ఫ్రెంచిలో షెమీజ్ అయింది. అరబ్బీలో ‘కమీస్’ కూడా అక్కణ్ణించే వచ్చిందని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. ఆ దారిన అది కమీజ్ అయి మనదాకా వచ్చింది. అక్క కాలేజీకి దర్జాగా వెళుతుంది. చెల్లెలు తీగ మీద తువ్వాలు కింద ఆరుతుంది.

ఆ తీగ నాకు బాగా గుర్తు. మా పెరట్లో నాన్న లుంగీలు, బనీన్లు ముందు వరసలో ఎండకి ఆరేవి. నా షిమ్మీలు, అమ్మ బాడీలు, లంగాలు వెనక తీగ మీద, పైన ఒక పాత తువ్వాలు. తువ్వాలు మర్చిపోతే అమ్మ కేకేసేది, “చాటున ఆరెయ్యవే, ఎవరైనా వస్తారు” అని. తువ్వాలు కప్పిన బట్ట సరిగ్గా ఆరదు. వానాకాలం ముక్కవాసన వేసేది. అదే వేసుకుని బడికి పోయేవాళ్ళం. మాటలకి కూడా ఇలాగే తువ్వాళ్ళు కప్పాం. అమ్మమ్మ రైక అనేది. అమ్మ జాకెట్టు అంటుంది. నేను బ్లౌజు అంటాను. మా ఇంట్లో అంట్లు తోమే లక్ష్మమ్మగారు ఇప్పటికీ రైకే అంటుంది. స్మాక్, షిఫ్ట్, షెమీజ్ వరస అర్థం కావడానికి నేను డబ్లిన్ దాకా వెళ్ళక్కర్లేదు. మా ఇంట్లో మూడు తరాల్లో ఆ మూడు మెట్లూ ఉన్నాయి. బట్ట అదే, హుక్కులు అవే. అమ్మమ్మ మాటని నేను ఎప్పుడు వదిలేశానో, ఎవరి ముందు సిగ్గుపడి వదిలేశానో కూడా గుర్తులేదు.

సిగ్గు ఒక చోట నుంచి కదిలిపోతే మాటలు మళ్ళీ బయటికి రావడం కూడా ఉంది. డబ్లిన్‌ని అట్టుడికించిన షిఫ్ట్ 1960ల నాటికి ‘షిఫ్ట్ డ్రెస్’ పేరుతో ఆఫీసులకి వేసుకెళ్ళే ఫ్యాషన్ అయింది. స్మాక్ ‘స్మాక్ డ్రెస్’ అయి దుకాణం అద్దాల వెనక వేలాడుతోంది. చిన్నపిల్లల ఫ్రాకుల మీద తేనెపట్టు గళ్ళలా వేసే స్మాకింగ్ కుట్టు ఆ బట్ట పేరే మోస్తోంది. కుట్టు క్లాసులో అది నేర్చుకునే అమ్మాయిల్లో ఎవరికీ ఆ మాట పలకడానికి సిగ్గు వెయ్యదు. అంటే సిగ్గు మాటలో లేదు, బట్టలోనూ లేదు. దాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరో ఒకరు ప్రతి కాలంలోనూ నిర్ణయిస్తూ వచ్చారు. ఆ రోజు మా క్లాసులో ఆ నిర్ణయం చేసింది నేను.

మరుసటి ఏడాది అదే నాటకం మళ్ళీ చెప్పాను. షిఫ్ట్ అనే మాట దగ్గరికి రాగానే బోర్డు మీద తెలుగులో ‘షిమ్మీ’ అని రాశాను. చేతిలో సుద్దముక్క కొంచెం వణికింది. ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పుకుంటూ పోతే రెండు క్లాసులు పట్టాయి. అమ్మాయిలు తమ ఇళ్ళలోని మాటలు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టారు. బోర్డు నిండిపోయింది. వెనక బెంచీలో మాటిచ్చిన అమ్మాయి మాత్రం ఆ గదిలో లేదు. రెండో సంవత్సరంలోకి వెళ్ళింది. వరండాలో ఎదురుపడితే “నమస్తే మేడమ్” అని పక్కకి తప్పుకునేది. ఒకరోజు ఆపి, “ఆ రోజు నువ్వు చెప్పిందే సరైన జవాబమ్మా, నేనే తప్పు మాట్లాడాను” అన్నాను. ఆమె కాసేపు నా ముఖంలోకి చూసింది. “ఏ రోజు మేడమ్?” అంది. ఆమెకి నిజంగా గుర్తులేదో, గుర్తులేనట్టు ఉండటం మర్యాద అని ఆ రోజు నా దగ్గరే నేర్చుకుందో నాకు ఇప్పటికీ తెలియదు.